రెండోసారి దగ్గర ఆగిన పాట

నా మెమోలో “అతిథుల ఎదుట అనుచిత ప్రవర్తన” అని రాశారు. రాసుకోనివ్వండి. ఇప్పుడు నన్ను పరీక్షల విభాగంలో పడేశారు. జవాబు పత్రాల కట్టలకి పురికొస కట్టి లక్క ముద్ర వేయడం నా పని. వేస్తున్నాను. కానీ ఆ అనుచితం ఏమిటో, అది ఎవరిదో, జరిగింది జరిగినట్టు చెప్పకపోతే నాకు అన్నం సహించదు.

నా పేరు హిమజ. మొన్నటిదాకా ఈ యూనివర్సిటీలో కంప్యూటర్ ల్యాబ్ ఇన్‌స్ట్రక్టర్ని. అది జీతం ఇచ్చే ఉద్యోగం. జీతం లేని ఉద్యోగం ఇంకోటి ఉంది, అదే నాకు ప్రాణం. పాత కెమిస్ట్రీ స్టోరు గదిలో మాకో సర్వర్ ఉంది. నలుగురూ కలిసి రాసి, అందరికీ ఉచితంగా వదిలేసిన సాఫ్ట్‌వేర్ ఎక్కడో సముద్రాల అవతల మూల సర్వర్లలో ఉంటుంది. దాని ప్రతిని అచ్చుగుద్దినట్టు మా దగ్గర ఉంచుకుని ఈ చుట్టుపక్కల అడిగినవాళ్లకల్లా ఇస్తాం. మిర్రర్ సర్వర్ అంటారు. మేం మాత్రం ‘అద్దం’ అంటాం. ఆ మెషీన్‌కి పెద్దమ్మ అని పేరు పెట్టుకున్నాం. నడిపేది నేనూ, కొందరు విద్యార్థులూ. ఏసీ ఫిల్టరు కడిగేది మేమే, ఎలుకలు తీగలు కొరక్కుండా మూలమూలకీ కలరా ఉండలు వేసేదీ మేమే. యూనివర్సిటీ మాకు ఇచ్చిందల్లా కరెంటు. అదీ ఉన్నప్పుడు.

అద్దానికి ఒకటే నియమం. మూలంలో ఏముంటే ఇక్కడా అదే ఉండాలి. అక్కడ చేరితే ఇక్కడ చేరాలి, అక్కడ తీసేస్తే ఇక్కడా తీసేయాలి. అలా సరిచూసి కలపడాన్ని సింక్ అంటాం. ప్రపంచంలోని అద్దాలన్నిటికీ కలిపి ఒక బోర్డు ఉంది. సింక్ సరిగ్గా ఉంటే మన పేరు పక్కన పచ్చ చుక్క, లేకపోతే ఎర్ర చుక్క. మాది ఏళ్ల తరబడి పచ్చ. ఆ పచ్చ చుక్కని మా యూనివర్సిటీ తన బ్రోషరు అట్ట మీద వేసుకుంటుంది, సిగ్గు లేకుండా.

అది ఎర్రబడిన రోజు సలోమిని చంపేద్దామనుకున్నాను.

సలోమి మా దగ్గర రీసెర్చ్ చేస్తున్న పిల్ల. పరీక్షా ఫలితాలు వచ్చే రోజున పిల్లలందరూ ఒక్కసారిగా నెట్ మీద పడతారు కాబట్టి ఆ పూటకి మేం సింక్ ఆపేస్తాం, హడావుడి తగ్గాక మళ్లీ మొదలెడతాం. ఇది మా ఆచారం. ఆ రోజు మొదలెట్టాల్సిన వంతు సలోమిది. తీరా చూస్తే దాని సొంత కోర్సువర్క్ పేపరు, రెండుసార్లు తన్నేసినది, ఆ రోజే పాసైంది. మహాతల్లి స్నేహితుల్ని వెంటేసుకుని బిర్యానీకి పోయింది. మర్నాడు పొద్దున నేను వచ్చేసరికి బోర్డు మీద మా పేరు పక్కన ఎర్ర చుక్క వెక్కిరిస్తోంది.

“ఏమే, నీ పేపరు గట్టెక్కిందని పెద్దమ్మని పస్తు పడుకోబెడతావా?”

“మర్చిపోయా మేడమ్! ఒట్టు, ఇంకెప్పుడూ మర్చిపోను. మీక్కూడా బిర్యానీ పార్శిల్ తెచ్చా మేడమ్.”

“ఆ బిర్యానీ పట్టుకుపోయి పరాంకుశం గారికి పెట్టు, ఎర్ర చుక్క చూసి శోష వచ్చి పడిపోకుండా.”

పరాంకుశం గారు మా ఐటీ డైరెక్టరు. ఆయన సంగతి తర్వాత. నేను కూర్చుని సింక్ మొదలెట్టబోయాను. నాకో అలవాటుంది. బాకీ ఎక్కువ పడ్డప్పుడు నిజం సింక్‌కి ముందు ఉత్తుత్తి సింక్ ఒకటి నడుపుతాను. ఏం వస్తాయో, ఏం పోతాయో చూపిస్తుంది తప్ప దేన్నీ ముట్టుకోదు. తెర మీద వరసలు దొర్లుతున్నాయి. ఉన్నట్టుండి ఒకే పేరు మొదలైంది. గళం, తొలగింపు. గళం, తొలగింపు. ఎంతకీ అవ్వదే! పేజీలు పేజీలు అదే.

గళం అంటే మా బావ గొంతు.

మా అక్క శైలజ మొగుడు కోటిలింగం పసుపు యార్డులో వేలం పాటగాడు. కంప్యూటర్ వేలం పెట్టారు గానీ, నెట్ పోయినప్పుడల్లా రైతులు గోల పెడుతుంటే యార్డువాళ్లు మళ్లీ నోటి పాటకే వచ్చారు. బావ గొంతు ఎత్తితే యార్డు గేటు బయట టీ కొట్టుదాకా వినపడేది. ఆ గొంతుకి క్యాన్సర్ వచ్చింది. స్వరపేటిక తీసేశారు. నోరు విప్పితే జోకు, మూస్తే తాంబూలం అన్నట్టుండే మనిషి చప్పట్లు కొట్టి అక్కని పిలిచే స్థితికి వచ్చాడు. నన్ను చూస్తే ‘మరదలు పిల్లా’ అనకుండా ఉండలేని మనిషి, నన్ను చూసి తల తిప్పుకునేవాడు. ఆ ఏడాది మా అక్క ఇంట్లో ఎవరూ గట్టిగా నవ్వలేదు.

అప్పుడు వచ్చింది గళం పట్టీ. మెడకి కట్టుకునే రబ్బరు పట్టీ అది. మనిషి మాట్లాడబోతే మెడ కండరాలు కదులుతాయి కదా, శబ్దం లేకపోయినా ఆ కదలికని చదివి మాట పలుకుతుంది. ఎవరి పాత రికార్డింగు ఇస్తే వాళ్ల గొంతుతోనే పలుకుతుంది. బావకి వాళ్ల పెళ్లి వీడియోలోని గొంతు ఇచ్చాం, పురోహితుణ్ణి ఆటపట్టిస్తున్నది. కానీ మొదటి రోజు పట్టీ పలికిన మాట చూసి అందరం బిక్కమొహం వేశాం. ‘ళ’ రాదు, ‘ణ’ రాదు, పసుపు పాట పాడితే ఎవరో పరాయి దేశంవాడు తిడుతున్నట్టుంది. ఎందుకంటే అది పోల్చుకోవడానికి మనవాళ్ల మెడలు దాని ఖజానాలో లేవు.

లేకపోతే ఇద్దామన్నాం. పట్టీ పట్టుకుని యార్డంతా తిరిగాను. హమాలీలు కట్టుకుని లెక్కలు పాడారు. కమిషన్ వ్యాపారులు కట్టుకుని తిట్టుకున్నారు. టీ కొట్టు సుబ్బాయమ్మ కట్టుకుని తన కోడలి గురించి చెప్పడం మొదలెడితే ఆపడం మా వల్ల కాలేదు. అక్క కట్టుకుంది, నేను కట్టుకున్నాను. ఆ కదలికలన్నీ మూలానికి పంపాం. ప్రపంచమంతటి నుంచీ ఇలాగే జనం పంపారు. ఆ ఖజానాలోంచి తన మెడకి నప్పే సవరణ తెచ్చుకుని బావ పట్టీ ఒక ఉదయం నోరు విప్పింది.

“ఏం మరదలు పిల్లా, కాఫీలో పంచదార వేసేవాళ్లు చచ్చారా మీ ఇంట్లో?”

అక్క పొయ్యి మీద పాలు వదిలేసి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. పాలు పొంగిపోయినా ఎవరూ లేవలేదు.

అదీ తెర మీద ‘తొలగింపు’ అని దొర్లుతున్నది. విషయం వెతికితే తెలిసింది. గళాన్ని చూసుకునే సంస్థని ఒక పెద్ద కంపెనీ కొనేసింది. పాత పట్టీలకి సేవలు ముగిశాయట. కొత్త పట్టీ వస్తుందట, అందులో కంపెనీవాళ్ల గొంతులే ఉంటాయట. మన దేశానికి ఎప్పుడూ అంటే, “త్వరలో”. మూలంలో ఖజానా మొత్తం తుడిచేశారు. అద్దాల నియమం ప్రకారం ప్రపంచంలోని అద్దాలన్నీ ఆ పూటే బుద్ధిగా తుడిచేసుకున్నాయి. ఎవరి తప్పూ లేదు, ఎవరూ చూడనూ లేదు, మెషీన్లు చేసుకుపోయాయి. బోర్డు మీద అన్నీ పచ్చ చుక్కలే. ఒక్క మా దగ్గరే, ఒక పిల్ల బిర్యానీకి పోయినందువల్ల, ఆ గొంతులన్నీ ఉన్నాయి.

“సలోమీ, ఆ పార్శిలు ఇలా పట్రా,” అన్నాను. “నీ కడుపు చల్లగా.”

మనం ఇచ్చిన గొంతులవి! సుబ్బాయమ్మ మెడ ఏ కంపెనీవాడు కొన్నాడు? అడక్కుండా తీసేయడానికి వాడెవడు? నాకు ఒళ్లు మండిపోయింది, ఇప్పటికీ మండుతూనే ఉంది. ఆ పూటే అద్దంలో గళం వరకు సింక్ ఆపేశాను. మిగతావన్నీ కలిపాను. అయినా బోర్డు ఊరుకోదు, రవ్వంత తేడా ఉన్నా ఎర్ర చుక్కే.

వారం తిరక్కుండానే వేరే దేశాల అద్దాలు నడిపేవాళ్ల నుంచి సందేశాలు వచ్చాయి. మీ దగ్గర ఎర్రగా ఉందేం, గళం గానీ ఉందా అని. ఉందన్నాను. చడీచప్పుడు లేకుండా వాళ్ల తలుపులు తట్టిన పట్టీలన్నిటినీ మావైపు మళ్లించారు. ఎక్కడో పెరూలో ఒక పంతులమ్మ, ఇంకెక్కడో ఒక బస్సు కండక్టరు, అందరి మెడలూ కెమిస్ట్రీ స్టోరులో ఉన్న పెద్దమ్మనే అడగడం మొదలెట్టాయి. పెద్దమ్మ దీపాలు ఆరితే ఒట్టు. మేం అడిగినవాళ్ల పేర్లు రాసుకోం. ఎవరు ఏం తీసుకున్నారన్నది అద్దానికి అనవసరం. అది మాకు గర్వం. అదే నా పీకకి చుట్టుకుంది.

మా యూనివర్సిటీకి గ్రేడు ఇచ్చే కమిటీ రాబోతోంది. పరాంకుశం గారు నన్ను పిలిపించారు.

“హిమజగారూ, కమిటీ వచ్చేలోపు ఆ చుక్క పచ్చబడాలి. బ్రోషరు అట్ట మీద పచ్చ, బోర్డు మీద ఎరుపు! నవ్వరూ?”

“పచ్చబడాలంటే గళం తుడిచెయ్యాలి సార్. ఇంకెక్కడా లేదు.”

“అద్దం పని ఎదురుగా ఉన్నది చూపించడమేనమ్మా. అంతగా కావాలంటే ఓ హార్డ్ డిస్కులో కాపీ చేసుకుని ఇంటికి పట్టుకుపోండి.”

“పట్టీలకి మా ఇల్లు తెలీదు సార్. వాటికి తెలిసిన తలుపుల్లో ఇప్పుడు గళం ఉన్నది ఇదొక్కటే. చేసినప్పుడే వాటిలో అద్దాల అడ్రసులు రాసేశారు. ఎండకి మెడ మీద కోత మచ్చ బిగుసుకున్నప్పుడల్లా అవి వచ్చి సవరణ అడుగుతాయి. దొరక్కపోతే ముందు మాట ముద్దవుతుంది, తర్వాత తప్పుతుంది, తర్వాత అసలు ఉండదు.”

“ఎంతమంది వాడుతున్నారు? లబ్ధిదారుల వివరాలు ఇవ్వండి, పైకి పంపిస్తాను.”

“మేం రాసుకోం సార్.”

“అంటే మీకు తెలిసి వాడేది ఎవరు?”

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

“నాకు తెలుసులెండి. మీ బావగారు. యూనివర్సిటీ సర్వర్ని మీ ఇంటి మనిషి కోసం వాడుకుంటూ నాకు నీతులు చెబుతున్నారా? ఆయన మీద జాలి లేదనుకోకండి. కానీ గ్రేడు పోతే రెండు వేలమంది పిల్లల బతుకు.”

నా చెంప ఛెళ్లుమన్నట్టయింది. ఇంటి మనిషట! ఆ మాటకి వస్తే గొంతు పోయిన ప్రతివాడూ ఏదో ఒక ఇంటి మనిషే కదా. ఎవరి బావా కానివాడు లోకంలో ఎవడున్నాడు? ఈ మాట అక్కడే అనాల్సింది. “నేను తుడవను సార్” అని మాత్రం అని వచ్చేశాను. ఆయన పాస్‌వర్డు తెలిసిన పిల్లలందరినీ ఒక్కొక్కరినే పిలిచి తుడవమని అడిగాడు. సలోమిని పీహెచ్‌డీ పేరు చెప్పి బెదిరించాడు. ఒక్కరూ కదల్లేదు. నా బంగారాలు.

కమిటీ వచ్చిన రోజు పొద్దున్నే అక్క ఫోన్ చేసింది.

“హిమా, మీ బావ మాట ఏందో తేడాగా ఉందే. యార్డుకి పోయి పాట మొదలెట్టాడంట, వేలు అనబోతే పట్టీ ఏవేవో కూస్తోందంట. జనం నవ్వుతున్నారంట. నిన్న ఎండలో గొంతు చించుకుని అరిచాడు. పట్టీ ఎర్రగా మినుక్కుమంటా ఉంది.”

“సవరణ తెచ్చుకోవాలి కదా, రాలేదా?”

“తలుపు మూసుందని చెబుతోందంట. మేం బండి మీద వస్తన్నాం. నువ్వు అక్కడే ఉండు.”

పరుగెత్తాను. పెద్దమ్మ బతికే ఉంది. కానీ దీపాలు కదలడం లేదు. వెనక్కి పోయి చూస్తే బయటి లైను కేబులు పీకేసి, చక్కగా చుట్టి, పైన పెట్టేసి ఉంది. బోర్డు తెరిచాను. మా పేరు పక్కన ఎరుపు లేదు, పచ్చా లేదు. “మరమ్మతులో” అని ఉంది. పరాంకుశం గారి తెలివి! తుడవడం చేతకాక నోరు నొక్కేశాడు.

కేబులు తీసుకుని మళ్లీ గుచ్చబోతుంటే తలుపు తెరుచుకుంది. ముందు పరాంకుశం గారు, ఆయన వెనక కమిటీ. కమిటీకి పెద్ద ఉమాబాయి గారని బళ్లారి వైపావిడ, తెలుగు బాగానే వచ్చు. మెడలో బంతిపూల దండలతో పాత స్టోరు గదిలోకి వచ్చారు అందరూ.

“ఇదే మేడమ్ మా ప్రతిష్ఠాత్మక మిర్రర్ సర్వర్. ఆసియాలోనే పేరున్నది. ఇవాళ చిన్న మరమ్మతు,” అని ఆయన నావైపు చూసిన చూపుకి అర్థం, ఆ కేబులు కింద పెట్టు అని.

పెట్టేశాను. పెట్టేశానండీ, అబద్ధమెందుకు. ఉద్యోగం, ఇంటి లోను, అన్నీ ఒక్కసారే గుర్తొచ్చాయి.

సరిగ్గా అప్పుడే వరండాలో అడుగులు వినిపించాయి. బావ, వెనకే అక్క, చెమటలు కక్కుకుంటూ. బావ బట్టల నిండా పసుపు. మెడ మీద పట్టీ మినుక్కుమంటోంది. దండల్ని చూశాడు, ఆగిన దీపాల్ని చూశాడు, చుట్టి పెట్టిన కేబుల్ని చూశాడు, నన్ను చూశాడు. నేను తల దించుకున్నాను.

“ఎవరు నువ్వు? ఎవరు రానిచ్చారు?” అన్నాడు పరాంకుశం గారు.

బావ భుజం మీది తువ్వాలు తీసి నడుముకి చుట్టాడు. యార్డులో రాశి ఎదట నిలబడ్డట్టు పెద్దమ్మ ఎదట నిలబడి చెయ్యెత్తాడు.

“ఆ… వినన్… వినండయ్యా వినండి! లాటు చూసుకోండి!” పట్టీ గరగరలాడింది, మాటలు ముద్దముద్దగా వస్తున్నాయి. “యూన్… యూనివర్సిటీ వారి సరుకు! గొంతులు బాబూ గొంతులు! హమాలీల గొంతులు, సుబ్బాయమ్మ గొంతు, నా పెల్లాం… పెళ్లాం గొంతు, ఈ పిల్ల గొంతు! కలిపి ఒకటే లాటు! పచ్చ చుక్క అడుగుతున్నారు, ఒక్క పచ్చ చుక్క! ఇంకెవరన్నా ఉన్నారా పైన?”

“సెక్యూరిటీ!” అని అరిచాడు పరాంకుశం గారు.

“ఒక్క నిమిషం,” అన్నారు ఉమాబాయి గారు. “ఏమి చెప్తున్నారు ఆయన? ఉండండి.”

“ఒకటోసారి!” అన్నాడు బావ. “రెండోసారి!”

యార్డులో ఒక ఆచారం ఉంది. రెండోసారి అన్నాక పాటగాడు ఆగుతాడు. ఆగి, చుట్టూ ఉన్న ఒక్కొక్క మొహాన్నీ పేరుపేరునా పలకరిస్తున్నట్టు చూస్తాడు. మూడోసారి అనేలోపు ఎవరు చెయ్యెత్తినా, గిట్టదని రైతు అడ్డుపడినా సరుకు పోదు, అన్నాక దేవుడొచ్చినా రాదు. బావ అలాగే చూశాడు. ఉమాబాయి గారిని చూశాడు. దండల్ని ఒక్కొక్కటే చూశాడు. పరాంకుశం గారు తన బూట్లు చూసుకున్నాడు. ఆఖరికి నా మొహం మీద ఆగాడు.

మూడోసారి అనడానికి నోరు తెరిచాడు. పెదాలు కదిలాయి. పట్టీ ఏమీ పలకలేదు. ఇంకోసారి కదిపాడు. మెడ నరాలు ఉబ్బాయి. చప్పుడు లేదు. అక్క చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆ ఏడాది మొత్తం నా కళ్ల ముందుకొచ్చింది. చప్పట్లు కొట్టి పిలిచిన మనిషి. నాకు ఉద్యోగం గుర్తు రాలేదు, లోనూ గుర్తు రాలేదు.

“నేనున్నానయ్యా!” అని చెయ్యెత్తి, పరాంకుశం గారిని భుజంతో పక్కకి నెట్టి, అవును, నెట్టాను, మెమోలో రాసింది అదే, కేబులు తీసి పెద్దమ్మ వెనక గుచ్చాను.

దీపాలన్నీ ఒక్కసారిగా భగ్గుమన్నాయి. పొద్దుట్నుంచీ తలుపు బయట నిలబడ్డ పట్టీలన్నీ, ఏ దేశంవో, ఏ ఇంటివో, ఒక్కసారే లోపలికి తోసుకొచ్చాయి. ఫ్యాన్లు రొద పెట్టాయి. కమిటీవాళ్లు ఒకడుగు వెనక్కి వేశారు. అంత గుంపులో మా బావ వంతు ఎప్పుడొస్తుందో అనుకున్నాను. అతని మెడ మీద మినుకు ఆగింది. సన్నటి పచ్చ వెలుగు నిలిచింది.

బావ గొంతు సవరించుకున్నాడు. ఆ అలవాటు మాత్రం పోలేదు.

“పాట రద్దు,” అన్నాడు, టీ కొట్టుదాకా వినపడే గొంతుతో. “రైతు ఒప్పుకోలేదు. సరుకు వెనక్కి.”

ఉమాబాయి గారు పరాంకుశం గారి వైపు తిరిగి, “ఈ వైరు పీకింది ఎవరు?” అని అడిగారు. “సాంకేతిక కారణాలు మేడమ్” అన్నాడాయన. ఆవిడ తను అడిగింది, విన్నది రెండూ రిపోర్టులో ఎక్కించారట. అందుకే ఆ కేబులు ముట్టుకోవడానికి ఇప్పుడు ఎవడికీ ధైర్యం లేదు. మనసు మారి కాదు, భయపడి. గ్రేడు ఏమీ పోలేదు. పోయింది బ్రోషరు అట్ట మీది బొమ్మా, నా కుర్చీ.

పెద్దమ్మని సలోమి చూసుకుంటోంది. నేను లక్క కరిగిస్తూ ఫోన్‌లో బోర్డు చూస్తాను. అన్నీ పచ్చగా ఉంటాయి, మాదొక్కటే ఎర్రగా ఉంటుంది. రోజూ యార్డుకి బయల్దేరే ముందు బావ ఫోన్ చేస్తాడు.

“ఏం మరదలు పిల్లా, ఇంకా ఎర్రగానే ఉందా?”

“ఎర్రగానే ఉంది బావా.”

“ఉండనీ. మూడోసారి అనే మొగాడు ఇంకా పుట్టలేదులే.”